పొద్దు ఉత్తరాన గూకే ఊరు

కృష్ణవేణి ఉత్తరం రాని రోజున రిహానా కుట్టిన జాకెట్టు ఏదీ కుదిరి చావదు. చంక దగ్గర పట్టేస్తుంది, లేదంటే మెడ జారిపోతుంది. తెనాలి మార్కెట్టు వెనక సందులో ఈ సంగతి తెలియని ఆడవాళ్ళు లేరు. "ఏంటమ్మాయ్, మీ బీరూటు అక్క ఇవాళ రాసిందా లేదా?" అని గుమ్మంలోంచే అడిగి, రాయలేదంటే గుడ్డల సంచీ మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. రిహానాకి ఒళ్ళు మండేది గానీ, వాళ్ళన్నదాంట్లో అబద్ధమేం లేదు.

ఉత్తరమంటే నిజంగా ఉత్తరమే. కృష్ణవేణి కాగితం మీద పెన్నుతో రాసి, ఫోటో తీసి ఫోనులో పంపుతుంది. ఈ రోజుల్లో ఎవరైనా బొత్తాం నొక్కి గొంతుతో చెప్పేస్తారు కదా, ఆ మాత్రం తెలియదా అని రిహానా భర్త ఫరూక్ మొదట్లో నవ్వాడు. దానికి కృష్ణవేణి రాసిన జవాబు ఇదీ: "మరిదిగారికి చెప్పమ్మా, గొంతైతే ఏడుపు దాగదు. రాతైతే మధ్యలో లేచెళ్ళి ముక్కు చీదుకొచ్చి మళ్ళీ మొదలుపెడతాను, మీకు తెలియదు." ఫరూక్ ఇక ఆ మాట ఎత్తితే ఒట్టు. పైగా మధ్యాహ్నం భోజనానికి పోతూ కొట్టు ముందు ఆటో ఆపి, "వదినగారు ఏం రాసిందేంటి?" అని తనే అడగడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎదురుగా చూసుకున్నది లేదు. కృష్ణవేణిది చీరాల, మగ్గాల ఇల్లు. మగ్గం కూడు పెట్టలేని రోజుల్లో ఇళ్ళల్లో పనికని బీరూటు వెళ్ళింది. అక్కడ ఒక ఇంట్లో నానా బాధలూ పడి, ఎలాగో బయటపడి, ఇప్పుడు లాండ్రీలో పని చేస్తోందని రిహానాకి తెలుసు. రిహానాది కువైటు కథ. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో, తాను వంటింట్లో. తిరిగొచ్చేటప్పటికి చేతిలో చిల్లిగవ్వ లేదు, మనిషి మాత్రం మిగిలింది. అప్పట్నుంచీ ఎవరి కూతురో, ఎవరి పెళ్ళామో పరాయి దేశంలో తలుపు వెనక చిక్కుకుపోయిందని చెవిన పడితే చాలు, కుట్టుమిషను మీద గుడ్డ కప్పి లేస్తుంది. అట్లా ఒక పిల్ల పని మీదే ఫోనులో కృష్ణవేణి కలిసింది. అక్కడ మనిషిని కృష్ణవేణి చూసుకుంటుంది, ఇక్కడ కాగితాలు రిహానా చూసుకుంటుంది. బానిసత్వం ఏనాడో పుస్తకాల్లోకి పోయిందనేవాళ్ళని మాత్రం రిహానా ముందు నిలబెట్టకండి. "జీతం లేదు, సెలవు లేదు, తలుపుకి బయట తాళం. దీనికి మీరే ఓ మంచి పేరు పెట్టండి సార్, వింటాను" అని దులిపేస్తుంది.

అట్లాగని ఆ ఉత్తరాల నిండా ఏడుపులే అనుకునేరు. సగం కూరలే. "ఇక్కడి బెండకాయ మన చిటికెనవేలంత ఉంటుంది, తరిగేసరికి ప్రాణం విసిగిపోయింది" అని ఒకరోజు. "రాత్రి గోంగూర కలలోకొచ్చింది. కలలో కూడా ఉప్పెక్కువైంది" అని ఇంకోరోజు. రిహానా బదులు రాస్తూ అత్తగారి మీద చాడీలు చెప్పేది, రంజాను నాడు తాను సేమ్యా ఎలా మాడ్చిందో రాసేది. మొదట్లో మీరు అని రాస్తే కృష్ణవేణి ఒప్పుకోలేదు. "అక్కని మీరంటావేంటి? నేనేమన్నా మీ స్కూలు టీచర్నా?" అని తిట్టింది. ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒక్కటే, పని వేళ ఫోను చెయ్యొద్దని. పనంటే ఎంత శ్రద్ధో అనుకుని రిహానా ఆ మాట ఎన్నడూ దాటలేదు.

రెండువేల ఇరవైనాలుగులో, ఇంకా దసరా రాకముందే, బీరూటు మీద బాంబులు పడటం మొదలైంది. టీవీలో ఆ పొగ చూసి రిహానా ఫోను చేతిలోంచి దించలేదు. ఉత్తరాలు మాత్రం ఆగలేదు. "కంగారుపడకు. నిన్న రాత్రి కిటికీ అద్దాలు పోయాయి. ఊడ్చి పారేశాను. అద్దాలు లేకపోతే గాలి ఎంత బాగా వస్తుందో ఇప్పుడు తెలిసింది" అని రాసింది. అదేం మనిషో! నెత్తిన విమానాలు తిరుగుతుంటే గాలి బాగుందంటుంది. రిహానా ఆ ముక్క కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించింది. చదివినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంది కూడా.

ఆసియా సంగతి వచ్చింది ఆ వారంలోనే.

"రిహానమ్మా, ఇవాళ కూర సంగతి రాయను. ఒక పిల్ల ఫోను చేసింది. పేరు ఆసియా, మీ పక్క రేపల్లె. తల్లి పేరు జాన్‌బీ అంది. ఆ ఇంటివాళ్ళు బాంబులకి భయపడి కారెక్కి కొండల మీదికి పోయారు. పిల్లని ఇంటికి కాపలా ఉండమని లోపల పెట్టి బయట తాళం వేశారు. కుక్కనైతే వెంట తీసుకెళ్ళారట. ముందు పనిచేసిన ఇథియోపియా అమ్మాయి బట్టల మిషను వెనక దాచిపెట్టిన బొత్తాల ఫోను దొరికింది, దాంట్లో నా నంబరుంది. ఛార్జరు లేదు. ఆ ఫోను ఆగిపోయేలోగా పిల్లని పట్టుకోవాలి. ఇల్లెక్కడమ్మా అంటే తెలియదంటుంది. చీకట్లో కార్లో తెచ్చి దింపారు, మళ్ళీ వీధి మొహం చూడలేదు. బాల్కనీలోంచి కనపడేవి మాత్రం చెప్పింది. ఉత్తరాన సముద్రం. ఎదురు మేడ మీద ఎర్ర రంగేసిన నీళ్ళ ట్యాంకు. కింద మందుల షాపు. ఈ ఊరికి ఉత్తరాన కూడా సముద్రమే ఉంది. ఆ ఒడ్డంతా వెతుకుతాను. ఉతికిన బట్టలు ఇచ్చొచ్చే వంకన ఎక్కడైనా తిరగొచ్చు. నువ్వు ఆ తల్లి దగ్గరికెళ్ళు."

రిహానా మర్నాడు పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కింది. జాన్‌బీ పరుపుల కొట్టులో దూది నింపుతుంది. జుట్టు నిండా, కనుబొమల నిండా దూది నలుసులతో అలాగే బయటికొచ్చి నిలబడింది.

"నా బిడ్డ సుఖంగా ఉందని ఏజెంటు చెప్పాడే బేటీ!" అంది.

"ఎప్పుడు చెప్పాడు ఖాలా?"

"రంజాను ముందు."

రంజాను వెళ్ళి ఆరునెలలు కావస్తోంది. ఏజెంటు ఫోను ఆపేసి ఉంది. ఇద్దరూ బాపట్ల వెళ్తే, వాడు ఆఫీసని చెప్పుకునే గదికి తాళం వేసి ఉంది. రిహానా ఆ తాళాన్ని చూసి, వాడి వంశాన్ని ఒకసారి వరసగా తలుచుకుని, జాన్‌బీ చెయ్యి పట్టుకుని కలెక్టరాఫీసుకి నడిచింది.

అక్కడ ప్రమీలారాణి అని ఒక సూపరింటెండెంటు ఉంది. రిహానా మొహం చూడగానే కుర్చీ లాగి, "మళ్ళీ ఎవరమ్మా?" అని అడిగే మనిషి. అర్జీ అంతా చదివింది, పాస్‌పోర్టు జిరాక్సు చూసింది, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మెయిల్ ఇప్పుడే పెడతానమ్మా. ఎంబసీవాళ్ళు ఆ బాంబుల్లోనే ఎంతోమందిని చేరదీస్తున్నారు. కానీ ఏ ఇంటి తలుపు తట్టమని చెప్పను? ఊరంత ఊరాయె."

రిహానా నోరంటే ఊరందరికీ భయం. ఆ రోజు మాత్రం ఎర్ర ట్యాంకు, మందుల షాపు అని గొణిగి ఊరుకుంది. జాన్‌బీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "నా బిడ్డ ఉంటున్న ఇంటికి పేరుండదాండి?" అని అడిగింది. ప్రమీలారాణి తల దించుకుని మెయిల్ కొట్టడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు పొట్టివి. కృష్ణవేణి ఉత్తరపు ఒడ్డు వీధి వీధీ తిరుగుతోంది. భుజాన బట్టల సంచీ, మెడ పైకెత్తి మేడల కప్పులు చూసుకుంటూ పోవడం. "ట్యాంకులు లేని మేడ లేదు. నల్లవి, తెల్లవి, నీలంవి. ఎర్రది కనపడదే! చెప్పు తెగింది, సుతిలి తాడు కట్టుకున్నాను" అని ఒకసారి రాసింది. ఇంకోసారి, "సైరను మోగితే ఒక మెట్ల కింద దూరాను. అక్కడ ఒక ముసలాయన దానిమ్మ ఒలిచి గుప్పెడు గింజలిచ్చాడు. నీకు పంపే వీలుంటే బాగుండేది" అని రాసింది. తాడు కట్టిన చెప్పుతో, ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం యుద్ధంలో వీధులు కొలుస్తున్న ఆడమనిషిని తలుచుకుంటే రిహానాకి ఒళ్ళు గగుర్పొడిచేది. కొట్టులో కూచుని సూదిలో దారం ఎక్కించడానికి బద్ధకించినప్పుడల్లా సిగ్గేసేది.

నాలుగో ఉత్తరమో ఐదోదో చూసేసరికి మాత్రం కత్తెర పక్కన పెట్టి మిషను మీద గుడ్డ కప్పేసింది.

"పిల్ల ఇవాళ మళ్ళీ చేసింది. ఫోనులో ఒక్క గీతే మిగిలిందంది. అన్నం వండుకోవడానికి గ్యాసు అయిపోయిందిట, నానబెట్టిన బియ్యం తింటోంది. పైగా ఏమందో తెలుసా, 'అక్కా, ఈ ఊళ్ళో పొద్దు కూడా ఉత్తరానే గూకుతోంది' అంది. నాకు భయంగా ఉందమ్మా. ఒంటరితనానికి మతి పోతోందేమో. ఆ తల్లికి ఇది చెప్పకు."

చెప్పకూడదనుకుంటూనే, ఆ తల్లిని ఒంటరిగా వదల్లేక రిహానా ఆ మధ్యాహ్నం రేపల్లె వెళ్ళింది. ఉత్త చేతులతో ఎలా వెళ్ళేదని స్టేషను దగ్గర అరటిపళ్ళు కొంది. జాన్‌బీ ఆ పళ్ళు చూసి, "ఏదో చెడ్డ కబురే తెచ్చావు" అంది. లేదు ఖాలా అంటే నమ్మలేదు. నమ్మకపోయినా కేకలు పెట్టలేదు. సాయంత్రపు అసర్ నమాజు వేళయింది, చేసుకుని మాట్లాడుకుందామని గోడవారగా రెండు జానమాజు చాపలు పరిచింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

ఆ గదికి పడమటి గోడలో ఒకటే కిటికీ. నాలుగున్నర దాటిన ఎండ తిన్నగా లోపలికొచ్చి ఇద్దరి మొహాల మీదా పడుతోంది. నమాజులో ధ్యాస చెదరకూడదు. రిహానాకి చెదిరింది. కళ్ళలో పొడుస్తున్న ఆ ఎండ వంకే ఆమె మనసు పోయింది. ఇక్కడ ముస్లిం ఇంట పుట్టిన ప్రతి బిడ్డా ఈ వైపు తిరిగే మొక్కుతుంది, మక్కా పడమర. సాయంత్రం నమాజుకి నిలబడితే పొద్దు ఎదురుగా ఉంటుంది. మరి ఆసియాకి పొద్దు ఉత్తరాన ఎలా గూకుతోంది? కువైటులో తాను చేసిన మొదటి నమాజు గుర్తొచ్చింది. పడమర చూసుకుని చాప వేసుకుంటే, ఆ ఇంటి ముసలమ్మ వచ్చి భుజాలు పట్టుకుని ఇంకో పక్కకి తిప్పింది. మక్కా ఇటు కదా పిచ్చిపిల్లా అని నవ్వింది. ఆ తర్వాత ఎన్నో నెలలు రిహానా ఆ తిప్పిన పక్కనే పడమర అనుకుంది. ఆ ఇంట్లో దిక్కులన్నీ పక్కకి తిరిగిపోయినా తెలియలేదు.

సలాం తిప్పి నమాజు ముగించడం ఆలస్యం, రిహానా లేచి ఫోను అందుకుంది. పని వేళ. చెయ్యొద్దన్న వేళ. చేసింది.

"ఏంటమ్మా, ఇప్పుడు చేశావు?" కృష్ణవేణి గొంతు గుసగుసలా ఉంది.

"అక్కా, పిల్లకి మతి పోలేదు! నమాజు చేసే వైపుని పడమర అనుకుంటోంది. మా ఊళ్ళో మక్కా పడమరే కదా, అట్లాగే అలవాటు. అక్కడి మసీదులు ఎటు చూస్తాయి?"

అవతల ఇస్త్రీ పెట్టె ఠక్కున బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ఓరి నా తల్లో! ఇక్కడ మసీదులన్నీ దక్షిణం చూస్తాయమ్మా."

"అయితే నమాజుకి నిలబడితే, పిల్ల ఉత్తరమనుకునే కుడిచేతి వైపు అక్కడ నిజంగా ఏ దిక్కు?"

"పడమర. సముద్రం పడమర. పొద్దు గూకేదీ అటే." కృష్ణవేణి ఊపిరి బరువుగా వినిపించింది. "నేను ఊరికి ఆ కొసన వెతుకుతున్నాను, పిల్ల ఈ కొసన ఉంది. పడమటి ఒడ్డున, జనం ఇళ్ళు వదిలి పారిపోయిన దక్షిణపు పేటల్లో. రిహానా, ఇవాళ చీకటి పడేలోగా ఖాళీ చెయ్యమని బాంబులేసేవాళ్ళు చెప్పింది ఆ పేటలనే."

ఎవరో మగగొంతు గట్టిగా అరిచింది. ఫోను కట్టయిపోయింది.

వెళ్ళక్కా అనాలో, వెళ్ళొద్దక్కా అనాలో తేల్చుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు మహాతల్లి. జాన్‌బీకి అరబ్బు దేశపు దిక్కులు తెలియవు గానీ తెలియాల్సింది తెలిసిపోయింది. జానమాజు మీంచి లేవకుండా మళ్ళీ చేతులు ఎత్తింది. ఈసారి ఇద్దరి పేర్లు చెప్పి దువా చేసింది, ఆసియాతో పాటు కృష్ణవేణి పేరు కూడా.

ఆ సాయంత్రం ఉత్తరం లేదు. తెల్లారినా లేదు. టీవీలో దక్షిణపు పేటలంటూ మంటలు చూపిస్తుంటే ఫరూక్ కట్టేశాడు. రిహానా కొట్టు తెరిచి, ఒక్క గుడ్డ కూడా ముట్టుకోకుండా, వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేసింది. పొద్దు బాగా ఎక్కాక ఫోను గణగణమంది. కాగితం ఫోటో. అక్షరాలు ఎప్పట్లా గుండ్రంగా లేవు.

"రిహానమ్మా, పిల్ల దొరికింది. ముందు ఆ తల్లికి చెప్పు. తక్కినది తర్వాత చదువుకో."

రిహానా చెప్పిన మాట విన్నది. జాన్‌బీకి ఫోను చేసింది. అవతల ఆమె అల్లా అల్లా అంటూ ఉండగానే తాను గుమ్మంలో కూలబడి ఏడ్చింది. పక్క కొట్టువాళ్ళు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. దొరికిందండి, దొరికిందండి అని తప్ప వాళ్ళకి ఇంకేం చెప్పలేకపోయింది. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని తక్కినది చదివింది.

"జనమంతా ఇటొస్తుంటే నేనొక్కదాన్నే అటు పోయాను. ఒకాయన కారాపి, పిచ్చిదానా ఎక్కడికి అని కేకలేశాడు. బట్టల సంచీ చూపించి, ఇవి ఇచ్చి రావాలండి అన్నాను. ఈ బాంబుల్లో ఇస్త్రీ బట్టలా అని నెత్తి కొట్టుకున్నాడు. ఎర్ర ట్యాంకు దూరం నుంచే కనపడింది. దాని ఎదురు మేడ, నాలుగో అంతస్తు. ఆసియా, నేను చీరాల అక్కనమ్మా అన్నాను. లోపల్నుంచి ఏడుపు. తాళం నా వల్ల కాలేదు. గొళ్ళెం మరలు చూస్తే వదులుగా ఉన్నాయి. మా నాన్న మగ్గం ఊడదీయడం చిన్నప్పట్నుంచీ చూసినదాన్ని కదా, సంచీలో ఉన్న ఇనప హ్యాంగరు వంచి ఒక్కో మరా లేపాను. చేతులు బొబ్బలెక్కాయి, ఫరవాలేదు. పిల్ల బయటికొచ్చి నా కాళ్ళ మీద పడబోయింది. ఇప్పుడు నా కాళ్ళు ఖాళీగా లేవమ్మా, పరిగెత్తాలి అన్నాను. తెల్లారేసరికి ఆ వీధిలో చాలా మేడలు లేవుట. ఏవి లేవో నేను అడగలేదు, నువ్వూ అడగకు. పిల్లని రేపు చర్చి సిస్టర్ల బడిలో చేరుస్తాను, అక్కడ ఇంకా ఆడపిల్లలున్నారు. బాపట్ల మేడమ్‌గారికి ఆ బడి పేరు పంపు."

ఆ ఉత్తరాన్ని రిహానా ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. ప్రమీలారాణి కూడా చదివింది. చదివి, ఆఫీసులో అందరి ముందూ లేచి నిలబడి, "ఈవిడ ఎవరమ్మా, ఒక్కసారి చూడాలి" అంది. బడి పేరు చేరిన తర్వాత పని చకచకా నడిచింది. పాస్‌పోర్టు బదులు కాగితం పుట్టింది, విమానం దొరికింది. నవంబరు ఆఖర్లో ఆసియా హైదరాబాదులో దిగి, రైల్లో తెనాలి వచ్చింది.

ప్లాట్‌ఫారం మీద జాన్‌బీ బిడ్డని వాటేసుకోలేదు. రెండు భుజాలూ పట్టుకుని, "ఇంత చిక్కిపోయావేంటే!" అని తిట్టింది. తిట్టి తిట్టి, అప్పుడు వాటేసుకుంది. స్టేషను నుంచి అందర్నీ ఫరూక్ ఆటోలో ఇంటికి తెచ్చాడు. రిహానా పప్పూ అన్నం కలిపి ఆసియా చేతిలో ముద్దలు పెట్టింది. పిల్ల మూడో ముద్ద మింగిందో లేదో, ఇక ఆగలేక రిహానా మొదలుపెట్టింది.

"మా అక్క ఎలా ఉంటుందే? పొడుగా, పొట్టా? లాండ్రీవాళ్ళు గదేమన్నా ఇచ్చారా? మంచివాళ్ళేనా?"

ఆసియా నోటి దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఆపా, మీకు తెలియదా?"

"ఏంటి?"

"నన్ను తీసుకొచ్చిన రాత్రి ఆ లాండ్రీలోనే దుప్పట్ల కుప్ప వెనక దాచింది. షావుకారు వచ్చి, ఇంతసేపు ఎక్కడ తిరిగావని చెంప మీద కొట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను ఆపా. కదలొద్దని కళ్ళతో చెప్పింది. తర్వాత వాడు షట్టరు దించి బయట తాళం వేసుకుని పోయాడు. అక్క ఇస్త్రీ బల్ల కింద పడుకుంటుంది. పాస్‌పోర్టు వాడి దగ్గరే. జీతం లేదు. తొమ్మిదేళ్ళ నుంచీ అంతేట." ఆసియా కంచం పక్కకి జరిపింది. "నన్ను ఒక తాళంలోంచి తీసి, తనుండే తాళంలోకే తెచ్చింది ఆపా."

రిహానా చేతిలో ముద్దని తిరిగి కంచంలో పెట్టేసింది. అందరి పాస్‌పోర్టులూ ఎవరి దగ్గరున్నాయో మొదటి ప్రశ్నగా అడిగే మనిషి, ఆ ఒక్కర్నీ అడగలేదు. అడగాలని తట్టనే లేదు. అంత నవ్వుతూ రాసే మనిషికి తాళం ఉంటుందని ఎవరనుకుంటారు? రిహానాకి ముందు దుఃఖం వచ్చింది, దాని వెనకే పట్టరాని కోపం వచ్చింది. షావుకారు మీద కోపం, ఏజెంట్ల మీద కోపం, అన్నిటికంటే ఎక్కువ కృష్ణవేణి మీద. చెయ్యి కడుక్కుని, కాగితం తీసి, ఒకే ఒక్క వాక్యం రాసి పంపింది: "అక్కా, నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?"

రెండు రోజులు జవాబు లేదు. మూడోనాడు వచ్చింది.

"ఆసియా నోరు కుట్టి పంపాల్సింది, పొరపాటైపోయింది. అవునమ్మా, వాడి దగ్గరే ఉంది. రాస్తే నన్నూ ఆ అర్జీల వరసలో చేరుస్తావని రాయలేదు. నేను నీకు కష్టంలో ఉన్న మనిషిగా కాదు, అక్కగా ఉండాలనుకున్నాను. నేను రాసిన బెండకాయ కూరలు కూడా ఎక్కువ భాగం వండినవి కావు, ఊహించుకున్నవి. నీకు రాస్తున్నంతసేపూ నేను చీరాలలో మా వంటింట్లోనే ఉన్నట్టుండేది. ఆ కాసేపు నాకు చాలు. ఇంకో మాట. నేను వచ్చేస్తే ఈ నంబరు ఎత్తేదెవరు? యుద్ధం ఆగిందంటున్నారు, తాళాలు ఆగలేదు. ఇప్పటికి ఇంకా ముగ్గురు పిల్లలు తలుపుల వెనకున్నారు. వాళ్ళు ఊళ్ళకి చేరాక చూద్దాం. నా పేరున అర్జీ పెట్టకు. నా మీద ఒట్టు."

రిహానా దాన్ని మడతపెట్టడానికి లేదు, ఫోనాయె. ఫోనునే గుండెకి ఆనించుకుని కూచుంది. ఏం మనిషమ్మా నువ్వు అని పైకే అంది. అట్లాంటి మనిషి తనని చెల్లెలనుకుందన్నది ఆమెకి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత గొప్పగా ఉంది. ఒట్టు సంగతి మాత్రం మింగుడు పడలేదు.

సోమవారం ముగ్గురాడవాళ్ళూ బాపట్ల వెళ్ళారు. ఆ లాండ్రీ ఏ వీధిలో ఉందో, పక్కన ఏముందో, షావుకారు పేరేంటో ఆసియా అంతా చెప్పింది, ప్రమీలారాణి రాసుకుంది. చివర్లో తలెత్తి, "ఆవిడ ఒప్పుకున్నట్టు ఏదైనా కాగితం ఉందామ్మా?" అని అడిగింది.

"లేదండి. వద్దని ఒట్టు పెట్టిందండి" అని రిహానా ఫోనులో ఆ ఉత్తరం చూపించింది.

"మరి?"

"ఒట్టు తప్పిన పాపం నాది. మీరు రాసుకోండి మేడమ్" అంది రిహానా.

"మరి ఆ నంబరు ఎత్తేదెవరు?" అంది ప్రమీలారాణి. ఉత్తరం చివరిదాకా చదివింది కదా.

దారి పొడుగునా రిహానా ఆలోచించింది దాని గురించే. ఆసియా ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది.

"నేనెత్తుతాను ఆపా. అక్కకి వచ్చే ఫోన్లు నాకు మళ్ళించమనండి. ఎక్కడున్నారని అడగను. ముందు, నమాజుకి నిలబడితే సముద్రం ఏ చేతి వైపని అడుగుతాను. ముస్లిం కాని పిల్లయితే పొద్దు గూకేటప్పుడు ఎండ ఏ గోడ మీద పడుతుందని అడుగుతాను. అక్కకి రాయండి."

రిహానా కలెక్టరాఫీసు మెట్ల మీదే కూచుని రాసింది. ఈసారి అర్జీ భాష కాదు, చెల్లెలి భాష.

"అక్కా, ఒట్టు తప్పాను. నీ పేరున అర్జీ పడింది. నంబరు ఆసియా ఎత్తుతుంది, ఆ ముగ్గుర్నీ వదలదు. నీకు కోపం వస్తుందని తెలుసు. ఉత్తరంలో మాత్రం కోప్పడకు, నేను చదవను. తెనాలి స్టేషన్లో రైలు దిగి, ఎదురుగా నిలబడి, నోరారా తిట్టు."